బాబాయి క్యాసెట్లు, మిస్టర్ బోర్డు: నా అనుభవం

మిస్టర్ బోర్డు కొని టీవీకి తగిలిస్తే చాలు, ఎనభైల నాటి హోమ్ కంప్యూటర్లన్నీ ఇంట్లో వాలిపోతాయని ఎవరైనా చెబితే సగం నమ్మండి. వాలడం నిజమే. తగిలిస్తే చాలన్నదే అబద్ధం.

మొదటి సంగతి, మిస్టర్ అంటే ఒక వస్తువు కాదు. పాత కంప్యూటర్ల సర్క్యూట్లను కొత్త చిప్పులో మళ్లీ కట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. అలెక్సీ మెల్నికోవ్ అనే ఆయన 2017లో మొదలుపెట్టారు. అంతకుముందున్న మిస్ట్ అనే ప్రాజెక్టు దానికి పునాది. అది నడిచే అసలు బోర్డు డీఈ10-నానో. తైవాన్ కంపెనీ టెరాసిక్ దాన్ని ఇంజినీరింగ్ విద్యార్థులు, డెవలపర్ల కోసం చేసింది, ఆటల కోసం కాదు. బోర్డు మధ్యలో సైక్లోన్ ఫైవ్ చిప్పు ఉంటుంది. దానిలో ఒక పక్క 800 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం ప్రాసెసర్ల జంట, ఇంకో పక్క లక్షా పదివేల లాజిక్ ఎలిమెంట్ల ఎఫ్‌పీజీఏ. ఏఆర్ఎం వైపు లినక్స్ నడుస్తుంది: మెనూ చూపించడం, ఎస్‌డీ కార్డు చదవడం, కీబోర్డు చూసుకోవడం దాని పని. ఎఫ్‌పీజీఏ వైపు మనం ఏ ఫైలు ఎక్కిస్తే ఆ సర్క్యూటు అవుతుంది. స్పెక్ట్రమ్ అనే పాత బ్రిటిష్ హోమ్ కంప్యూటర్ ఫైలు ఎక్కిస్తే అందులో జెడ్80 ప్రాసెసర్, బొమ్మ గీసే యూఎల్ఏ చిప్పు, శబ్దం చేసే ఏవై చిప్పు అన్నీ ఒకే గడియారానికి, ఒకే సమయంలో పనిచేస్తాయి. కరెంటు తీసేస్తే అంతా చెరిగిపోతుంది, మళ్లీ ఎక్కించాలి. ఈ ఫైళ్లనే కోర్లు అంటారు.

పాత మెషీన్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్‌కీ దీనికీ తేడా ఏమిటని మా బావమరిది మొదటి రోజే అడిగాడు. వాడు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు, అడగక ఊరుకోడు. ఎమ్యులేటర్‌లో ఒకే ప్రాసెసర్ వంతులవారీగా అన్నిటి పనీ చేసి, చివర్లో టైము సరిచూసుకుంటుంది. ఇక్కడ వంతులు లేవు. అంతమాత్రాన ఇది నూటికి నూరుపాళ్లు అసలు మెషీనే అని బల్ల గుద్ది చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. కోర్ రాసిన మనిషికి పాత చిప్పు ఎంత అర్థమైతే అంతే కచ్చితం. పీసీ మీద మంచి ఎమ్యులేటర్లున్నాయి, ఆటలాడుకోవడానికి అవి చాలు. నాకు బోర్డు ఎందుకు కావాల్సి వచ్చిందంటే క్యాసెట్ల వల్ల.

మా బాబాయి బందరులో పాలిటెక్నిక్ సివిల్ లెక్చరర్‌గా చేశారు. ఆయన దగ్గర డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ ఉండేది. స్పెక్ట్రమ్ చేసిన సింక్లెయిర్ వాళ్ల లైసెన్సుతో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే మన కంపెనీ ఎనభైల్లో మార్కెట్లోకి తెచ్చిన మెషీన్ అది. 48కే మెమరీ, జెడ్80 ప్రాసెసర్, డిస్కు లేదు. ఏ ప్రోగ్రామైనా మామూలు పాటల క్యాసెట్టు మీదే దాచుకోవాలి. మెషీన్ ఎప్పుడో పోయింది. క్యాసెట్లు మాత్రం బీరువాలో ఒక బిస్కెట్ల డబ్బాలో మిగిలాయి. వాటి మీద ఆయన రాత: ట్రావర్స్, బీమ్, లెవెలింగ్, మార్కులు. డబ్బా నా చేతికిస్తూ "పారెయ్యలేక ఉంచాన్రా, చూడు" అన్నారు. ఇందులో ఏముందో చూడాలంటే స్పెక్ట్రమ్ కావాలి, పైగా క్యాసెట్ శబ్దాన్ని నేరుగా వినగలిగే స్పెక్ట్రమ్ కావాలి. మిస్టర్ స్పెక్ట్రమ్ కోర్ ఆ పని చేస్తుందని తెలిశాక ఇక ఆగలేదు.

బోర్డు కొనడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టెరాసిక్ బోర్డు ఖరీదు రెండు వందల డాలర్లు దాటుతుంది. 2024 నుంచి చవకైన చైనా క్లోన్లు వస్తున్నాయి, నేను అలాంటిదే తీసుకున్నాను. కస్టమ్స్ కట్టాలి, కొరియర్ వాళ్లకు కేవైసీ కాగితాలు పంపాలి, ఆ తతంగం విదేశీ పార్సిల్ తెప్పించుకున్న ఎవరికైనా తెలిసిందే.

పెట్టె విప్పితే అందులో ఉన్నది బోర్డు ఒక్కటే కాదు. బోర్డు మీద కూర్చునే ఎస్‌డీరామ్ అనే మెమరీ ముక్క, కింద తగిలే యూఎస్‌బీ హబ్, పైన ఫ్యానూ బటన్లూ ఉన్న ఐఓ బోర్డు, నాలుగు మూలలకూ ఇత్తడి స్టాండాఫ్‌లు. 40 పిన్నుల హెడర్లో ఎస్‌డీరామ్ గుచ్చేటప్పుడు ఒక వరస పక్కకు పోకుండా చూసుకోవాలి, అంతే. ఒక గిగాబైట్ డీడీఆర్3 మెమరీ బోర్డు మీదే ఉండగా ఇంకో 128 మెగాబైట్ల ముక్క ఎందుకని నాకు మొదట అనుమానం. కారణం ఉంది. ఆ డీడీఆర్3 లినక్స్‌తో ఉమ్మడి ఆస్తి. అడిగినప్పుడు జవాబు వెంటనే వస్తుందో, కాస్త ఆగి వస్తుందో చెప్పలేం. పాత కంప్యూటర్లో మెమరీ ఫలానా టిక్కుకు జవాబివ్వాలంటే ఇచ్చి తీరాలి. అందుకే ఎఫ్‌పీజీఏ సొంతానికి, ఎవరితోనూ పంచుకోని మెమరీ కావాలి.

ఎస్‌డీ కార్డు తయారుచెయ్యడం తేలిక. మిస్టర్ ఫ్యూజన్ అనే చిన్న ఇమేజ్ ఫైలును కార్డు మీద రాసి, బోర్డులో పెట్టి ఆన్ చేస్తే, మొదటిసారి అదే కార్డును మొత్తం సైజుకు విస్తరించి, ఫైళ్లు సర్దుకుని రీబూట్ అవుతుంది. తర్వాత మెనూ వస్తుంది, వెనకాల పాత టీవీలో స్టేషన్ లేనప్పటి చుక్కల తెర. ఎఫ్12 నొక్కితే సెట్టింగులు. స్క్రిప్టుల్లోంచి వైఫై పెట్టుకుని, అప్‌డేట్ ఆల్ అనే స్క్రిప్టు నడిపితే కోర్లన్నీ వాటంతటవే దిగుతాయి. ఇంటి నెట్ స్పీడును బట్టి కాఫీ తాగి రావచ్చు, భోజనమూ చేసి రావచ్చు. ఒక్క మాట: ఇందులో రూట్ పాస్‌వర్డ్ '1'. ఇంట్లో వైఫై అందరికీ ఇచ్చేవాళ్లయితే ముందు అది మార్చండి.

నా దగ్గర ఈ తేలిక పని కూడా మొదట సాగలేదు. అప్‌డేట్ మధ్యలో కీబోర్డు మాయమవుతుంది, వైఫై డాంగిల్ లైటు ఆరిపోతుంది, మళ్లీ వస్తుంది. నేను కార్డును అనుమానించాను, లినక్స్ లాగ్‌లు తిరగేశాను. బావమరిది వచ్చి లాగ్‌ల వంక కూడా చూడలేదు.

"బావా, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు ఓల్టేజ్ ఎంతుందో చూశావా?"

మల్టీమీటర్ పెడితే 4.6 దగ్గర ఊగుతోంది. కావాల్సింది 5. కిట్‌తో వచ్చిన అడాప్టర్ మీద 2 ఆంపియర్లని రాసి ఉంది కానీ ఫ్యాను, హబ్, డాంగిల్ అన్నీ ఒకేసారి లాగేసరికి చతికిలబడుతోంది. కోఠీ గుజరాతీ గల్లీలో 5 వోల్టులు, 4 ఆంపియర్ల అడాప్టర్ దొరికింది. దానితో ఆ గొడవ అక్కడితో సరి. పిన్ను సైజు, ప్లస్ మైనస్ ఎటున్నాయో చూసి మరీ కొనాలి. ఈ బోర్డుకు 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే దాని కథ అంతే.

ఎస్‌డీరామ్ పరీక్షకు మెమ్‌టెస్ట్ అనే కోర్ ఉంది. అది గరిష్ఠ వేగంతో మొదలై, తప్పు దొర్లినప్పుడల్లా వేగం తగ్గించుకుంటూ పోతుంది. 130 మెగాహెర్ట్జ్ దగ్గర తప్పుల్లేకుండా నిలబడితే ముక్క మంచిదే. నాది అంతకంటే పైనే ఆగింది. రాత్రి ఆన్ చేసి పడుకున్నాను, పొద్దున తప్పుల గడిలో సున్నా. ఈ పరీక్ష ఎగ్గొట్టకండి. తర్వాత ఏదైనా ఆట మధ్యలో బిగుసుకుపోతే కోర్‌ది తప్పా, మెమరీది తప్పా అని జుట్టు పీక్కోవాల్సిన పని ఉండదు.

ఇక స్పెక్ట్రమ్. దీని రోమ్ ఫైలు, అంటే మెషీన్ పుట్టుకతో వచ్చే ప్రోగ్రామ్ విషయంలో దొంగతనం గొడవ లేదు. సింక్లెయిర్ హక్కులు కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్, ఎమ్యులేటర్లతో పాటు ఈ రోమ్‌లు పంచుకోవచ్చని ఎప్పుడో అనుమతించింది. కోర్ తెరిచి, మోడల్ 48కే పెట్టగానే తెల్లటి తెర, అడుగున 1982 అని కాపీరైట్ గీత. జె నొక్కితే లోడ్ అన్న మాట మొత్తం పడింది. ఈ మెషీన్‌లో బేసిక్ మాటలను అక్షరం అక్షరం కొట్టనక్కర్లేదు, ఒక్కో మీటకు ఒక్కో మాట. మా అమ్మాయి పక్కన నిలబడి చూసి "నాన్నా, మరి దీనికి మౌస్ ఏదీ?" అని వెళ్లిపోయింది.

తెర బాగానే ఉంది. కానీ ఏదైనా కదిలితే ఇబ్బంది. అక్షరాలు పక్కకు జరిగే చిన్న ప్రోగ్రామ్ నడిపితే సాఫీగా జరగవు. ఉండుండి ఒక చిన్న తడబాటు. కారణం లెక్కల్లోనే ఉంది. 48కే స్పెక్ట్రమ్‌కు ఒక్కో తెర గీయడానికి 69,888 గడియారపు టిక్కులు పడతాయి. 3.5 మెగాహెర్ట్జ్ గడియారం మీద అది సెకనుకు 50 తెరల చిల్లర. బ్రిటన్ టీవీ 50 హెర్ట్జ్ కాబట్టి అలా చేశారు. మన దూరదర్శన్‌దీ పాల్ పద్ధతే, 50 హెర్ట్జే, కాబట్టి బాబాయి రోజుల్లో ఈ బెడద లేదు. నా టేబుల్ మీది మానిటర్ మాత్రం 60 హెర్ట్జ్. యాభై బొమ్మల్ని అరవై గళ్లలో పెట్టాలంటే ప్రతి అయిదింటిలో ఒకటి రెండుసార్లు కనపడాలి. ఆ తడబాటు అదే.

దీనికి మందు మిస్టర్ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో ఉంది. అందులో వీసింక్ అడ్జస్ట్ అన్న వరసలో సున్నా ఉంటే బోర్డు మానిటర్ వేగానికే కట్టుబడుతుంది. 1 పెడితే హెచ్‌డీఎంఐ వేగాన్ని కోర్ వేగానికి సరిపోయేలా మారుస్తుంది. 2 పెడితే అదీ చేసి, మధ్యలో బొమ్మను దాచి ఉంచే ఆలస్యాన్నీ తగ్గిస్తుంది. వీడియో మోడ్ వరసలో 9 పెడితే 1080 గీతలు, 50 హెర్ట్జ్. నేను 2, 9 పెట్టి రీబూట్ చేశాను. మానిటర్ నల్లబడి, ఈ సిగ్నల్ నా పరిధిలో లేదని ఒక పెట్టె చూపించి నిద్రపోయింది. హాల్లోని టీవీకి మార్చితే కిమ్మనకుండా తీసుకుంది. మన దగ్గర అమ్మే టీవీలు సాధారణంగా 50 హెర్ట్జ్ తీసుకుంటాయి, కంప్యూటర్ మానిటర్లే మొండికేస్తాయి. మానిటర్ కొనబోయేవాళ్లు ఈ ఒక్కటీ చూసుకుని కొనండి. టీవీలో గేమ్ మోడ్ కూడా పెట్టాలి. లేకపోతే బోర్డు తగ్గించిన ఆలస్యాన్ని టీవీ మళ్లీ జత చేస్తుంది. టీవీ సీరియల్ టైముకు హాలు ఖాళీ చెయ్యాల్సి రావడం వేరే సంగతి.

అసలు పని ఇక్కడి నుంచి. క్యాసెట్ శబ్దం బోర్డులోకి పోవడానికి దారి ఉంది. డీఈ10-నానో మీద ఏడీసీ అని పది పిన్నుల చిన్న హెడర్ ఉంటుంది, దాని వెనక వోల్టేజీని సెకనుకు అయిదు లక్షలసార్లు కొలిచి అంకెలుగా మార్చే చిప్పు. నా క్లోన్‌లోనూ అదే ఏర్పాటు. అయితే అది సున్నా నుంచి నాలుగు వోల్టుల చిల్లర వరకే కొలుస్తుంది. క్యాసెట్ శబ్దం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది, కింది సగం పోతుంది. అందుకని ఒక కెపాసిటర్, రెండు రెసిస్టర్లతో ఆ ఊపును మధ్యకు ఎత్తాలి. రెడీమేడ్ అడాప్టర్లు దొరుకుతాయి. బావమరిది మాత్రం "దీనికి కూడా పార్సిలా?" అని ఒక చిన్న వెరో బోర్డు ముక్క మీద అరగంటలో సోల్డర్ చేసి, చివర 3.5 ఎంఎం జాక్ పెట్టి ఇచ్చాడు.

క్యాసెట్ ప్లేయర్ మా ఇంట్లోదే, మోనో రికార్డరు. బెల్టు కరిగి తారులా చేతులకు అంటుకుంది. కోఠీలో రిపేరు చేసే ఒక పెద్దాయన పాత రేడియో ముక్కల మధ్యనుంచి సరిపోయే బెల్టు వెతికి వేశారు. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేగం సరిచేశారు. "ఏ పాటలు వింటారు సార్?" అంటే ఏం చెప్పాలో తెలియక ఘంటసాలవని చెప్పి వచ్చేశాను.

క్యాసెట్టును బోర్డుకు వినిపించే ముందు లాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు దాటిన టేపు తెగితే మళ్లీ దొరకదు. ఈ జాగ్రత్త ఎవరైనా తీసుకోవాల్సిందే. ఆ వేవ్ ఫైలు ఇస్తే పీసీ ఎమ్యులేటర్ కూడా చదువుతుంది, అది ఒప్పుకోవాలి. ఇచ్చి చూశాను, చదవలేదు. ట్రావర్స్ అని రాసిన క్యాసెట్టు సగం దాకా వచ్చి లోడింగ్ ఎర్రర్ అని ఆగిపోయింది. శబ్దం చెవికే మందంగా ఉంది, దుప్పటి కప్పినట్టు. రికార్డు చేసిందే బాగాలేకపోతే ఎమ్యులేటర్ మాత్రం ఏం చేస్తుంది?

స్పెక్ట్రమ్ టేపు ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే ఈ మందమెందుకో తెలుస్తుంది. ముందు అయిదు సెకన్ల పాటు సాగే ఒకటే కూత, దాన్ని పైలట్ టోన్ అంటారు. తర్వాత చిన్న హెడర్, అందులో ప్రోగ్రామ్ పేరు. మళ్లీ కూత, ఆపైన అసలు సరుకు. సున్నా బిట్టయితే 855 టిక్కుల పొడవున్న పల్స్‌లు రెండు. ఒకటి అయితే 1,710 టిక్కులవి రెండు. రోమ్‌లోని ప్రోగ్రామ్ చేసేదల్లా శబ్దం పైకి లేచిందా, కిందికి దిగిందా అని 59 టిక్కులకోసారి తొంగి చూస్తూ లెక్కపెట్టడమే. గడియారం తప్ప దానికి వేరే కొలబద్ద లేదు. అందుకే కోర్ వేగాన్ని 7 మెగాహెర్ట్జ్‌కు పెంచితే అసలు క్యాసెట్టు లోడవ్వదు, పల్స్‌లన్నీ రెట్టింపు పొడవుగా కనపడతాయి. ఎస్‌డీ కార్డు మీది టేపు ఫైళ్లకు ఈ బాధ లేదు, అవి కోర్ గడియారంతో పాటే పరుగెడతాయి. బయటి నుంచి వచ్చే క్యాసెట్టు ఎవరి గడియారమూ వినదు. సున్నా పల్స్‌లు పొట్టివి, అంటే కీచుమని వినపడేవి. హెడ్ ఒక్క వెంట్రుకవాసి వంకరగా ఉన్నా మొదట పోయేది ఆ కీచుదనమే.

ప్లేయర్లో ప్లే నొక్కినప్పుడు హెడ్ పక్కన చిన్న రంధ్రంలోంచి ఒక స్క్రూ కనపడుతుంది. హెడ్ కోణం దానితోనే మారుతుంది. దీన్ని వేవ్ ఫైలు రికార్డు చేస్తూ, ఎమ్యులేటర్‌కు ఇస్తూ, ఎర్రర్ చూస్తూ, మళ్లీ తిప్పుతూ సరిచెయ్యాలంటే తెల్లారిపోతుంది. మిస్టర్‌లో అలా కాదు. లోడ్ కొట్టి ప్లే నొక్కగానే తెర అంచుల చుట్టూ చారలు మొదలవుతాయి. కూత వస్తున్నప్పుడు ఎరుపు, లేత నీలం వెడల్పాటి పట్టీలు. సరుకు వస్తున్నప్పుడు ముదురు నీలం, పసుపు సన్నటి గీతలు. ఆ చారలను ప్రోగ్రామ్ అలంకారానికి గీయదు. శబ్దం లేచి దిగినప్పుడల్లా అంచు రంగు మారుతుంది, ఆ క్షణానికి టీవీ మీద గీత ఎక్కడుంటే అక్కడ. అంటే క్యాసెట్లోని శబ్దమే తెర మీద కనపడుతోందన్నమాట. యాభై హెర్ట్జ్ సరిచేసుకున్నది ఇక్కడ పనికొచ్చింది. మానిటర్ మీద చిందరవందరగా కనపడిన పట్టీలు టీవీ మీద నింపాదిగా పైకి జరుగుతూ కనపడ్డాయి.

మొదట స్క్రూ ముట్టుకోకుండా చూశాను. పట్టీల అంచులు వణుకుతున్నాయి, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. వాల్యూమ్ తగ్గిస్తే చారలే లేవు, పూర్తిగా పెంచితే ఎరుపు లావై నీలం నలిగిపోతోంది. ముప్పాతిక దగ్గర రెండూ సమానమయ్యాయి కానీ వణుకు పోలేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో కుడికి పావు చుట్టులో సగం తిప్పాను, శబ్దం ఇంకా మందగించింది, అంచులు అలుక్కుపోయాయి. ఎడమకు తిప్పాను. మొదటి చోటు దాటి ఇంకాస్త పోయేసరికి కూత ఒక్కసారిగా చెవిలో గుచ్చుకుంది, అదే క్షణంలో పట్టీల అంచులు స్కేలు పెట్టి గీసినట్టు నిలబడ్డాయి. టేపు వెనక్కి తిప్పి మొదటి నుంచి పెట్టాను. ప్రోగ్రామ్ అని పడి, పక్కన టీఆర్ఏవీ2 అని పేరు వచ్చింది. మళ్లీ కూత, తర్వాత నీలం పసుపు గీతలు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం నేనూ బావమరిదీ. అడుగున ఓకే అని పడింది.

ఎమ్యులేటర్ ఎంత మంచిదైనా స్క్రూ తిప్పే చేతికి ఇలా కంటితో జవాబు చెప్పే పని నా లాప్‌టాప్‌లో నాకు కుదరలేదు. ఈ బోర్డుకు పెట్టిన డబ్బు నా మటుకు ఆ కాసేపట్లోనే గిట్టింది.

ప్రోగ్రామ్ నడిపితే స్టేషన్లెన్నని అడిగింది. సర్వే చేసినవాళ్లకు తెలుసు: పొలం చుట్టూ ఒక్కో గీత పొడవు, దిక్కు కొలుచుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగొస్తే లెక్కలో కొంత తేడా మిగులుతుంది, దాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటారు. బౌడిచ్ పద్ధతిలో ఆ తేడాను గీతల పొడవును బట్టి పంచి సర్దాలి. ఆ పనే ఇందులో ఉంది. లిస్ట్ కొట్టి చూశాను. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా అడగకుండా 45.3015 అని ఒకే అంకెగా తీసుకుని, ఇంట్ ఫంక్షన్‌తో బాబాయి ముక్కలు కోశారు. స్పెక్ట్రమ్‌లో సైన్, కొసైన్లకు రేడియన్లు కావాలి కాబట్టి మొదట్లోనే పై బై 180 ఒక వేరియబుల్‌లో దాచారు. మెమరీ మిగల్చడానికి మాటలన్నీ పొట్టి. స్క్రీన్‌షాట్ తీసి, ఆయనకు వాట్సాప్‌లో పంపించాను. రెండు నిమిషాల్లో ఫోను.

"ఒరేయ్, అదెక్కడ దొరికింది నీకు?"

"మీ డబ్బాలోదే బాబాయ్."

"నాలుగు స్టేషన్ల లెక్క వేసి చూడు. క్లోజింగ్ ఎర్రర్ ఎంతొచ్చింది?"

నేను చెప్పిన అంకె ఆయనకు నచ్చలేదు. పుస్తకంలోంచి ఒక లెక్క చదివి, అవే అంకెలు ఇమ్మన్నారు. ఈసారి సరిపోయింది. పిల్లలు లాగ్ టేబుళ్లు పట్టుకుని గంటన్నర కుస్తీ పట్టే లెక్కను ఇది ఎంతసేపట్లో చేస్తోందో టైము చూసి చెప్పమన్నారు. చెప్పాను. "అప్పుడూ అంతే పట్టేది" అన్నారు. వేగం పెంచి ఇంకా త్వరగా చేయించవచ్చంటే వద్దన్నారు.

మిగతా కోర్ల సంగతి క్లుప్తంగా. బీబీసీ మైక్రో కోర్ బాగుంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద బళ్లకు ఇచ్చిన కంప్యూటర్ అదే. మా బళ్లోనూ ఒక గదికి తాళం వేసి ఉంచేవారు, వారానికొక పీరియడ్ బూట్లు విప్పి లోపలికెళ్లేవాళ్లం. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32కే మెమరీ, ఆన్ చేస్తే ఒక బరువైన శబ్దం, వెంటనే ఒక బీప్. ఆ రెండూ యథాతథంగా వచ్చాయి. దాని బేసిక్‌లో ప్రొసీజర్లు రాసుకోవచ్చు, స్పెక్ట్రమ్ బేసిక్ పక్కన పెడితే ఎంతో శుభ్రమైన భాష. ఈ మాట బాబాయితో అనలేదు. కొమడోర్ 64 కోర్‌లో శబ్దం బ్రహ్మాండం. అమీగా కావాలంటే మాత్రం కిక్‌స్టార్ట్ రోమ్ కొనుక్కోవాలి. దాన్ని క్లోవాంటో కంపెనీ అమీగా ఫరెవర్ ప్యాకేజీలో అమ్ముతోంది. ఎక్కడో ఊరికే దొరుకుతుందని వెతక్కండి, అంత ఖరీదేం కాదు. నేనింకా అక్కడికి పోలేదు.

ఎందుకంటే డబ్బాలో లెవెలింగ్, మార్కులు అని రాసిన రెండు క్యాసెట్లు ఇంకా మొండికేస్తున్నాయి. కూత వస్తోంది, హెడర్ చదువుతోంది, సరుకు మధ్యలో పట్టీలు వణికి ఎర్రర్. ఆ రెండూ తన రికార్డరు మీద చేసినవి కావని, పక్క క్వార్టర్సులో ఉండే ఇంకో లెక్చరర్ గారి టేప్ డెక్ మీద చేసినవని బాబాయి ఇప్పుడు గుర్తుచేసుకున్నారు. ఆ డెక్కు హెడ్ ఏ కోణంలో ఉండేదో, స్క్రూ మళ్లీ అటు తిప్పాలి. తిప్పేముందు ట్రావర్స్‌కు కుదిరిన చోట మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటున్నాను, బీమ్ క్యాసెట్టు రెండో వైపు ఇంకా ఎక్కించాల్సి ఉంది.